రాసి ఉన్న రూల్ 15 వేల సీట్లు, రాయని రూల్ వేరు: అమెరికా సాకర్‌లో కొత్త టీమ్‌లకు స్టేడియం లెక్క

డెట్రాయిట్‌లో 65 వేల మంది పట్టే ఫోర్డ్ ఫీల్డ్ ఎప్పటినుంచో ఉంది. 2017లో దాన్నే చూపించి అక్కడి బడా వ్యాపారులు మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్‌ఎస్)లో టీమ్ అడిగారు. రాలేదు. శాన్ డియేగో వాళ్లు స్టేడియం కట్టే పనే పెట్టుకోలేదు, యూనివర్సిటీ స్టేడియంలో ఆడతామన్నారు. వాళ్లకు వచ్చింది. శాక్రమెంటోకు 2019లో టీమ్ ఇస్తున్నట్టు ప్రకటించారు, ఏడాదిన్నర తిరగకుండానే అది చేజారింది. ఈలోగా యునైటెడ్ సాకర్ లీగ్ (యూఎస్‌ఎల్) తానూ ఒక ఫస్ట్ డివిజన్ లీగ్ పెడతానని 2025 ఫిబ్రవరిలో ప్రకటించడంతో ఫస్ట్ డివిజన్ (అగ్రశ్రేణి) టీమ్‌కు కనీసం 15 వేల సీట్ల స్టేడియం ఉండాలన్న ‘15 వేల సీట్ల రూల్’ మళ్లీ చర్చకు వచ్చింది.

రూల్ 15 వేల సీట్లే అయితే 65 వేల సీట్లున్న నగరం ఎందుకు ఆగిపోయింది? సొంత స్టేడియం తప్పనిసరి అయితే శాన్ డియేగో ఎలా లోపలికి వచ్చింది? అభిమానుల్లో గందరగోళం అంతా ఇక్కడే.

సంక్షిప్తంగా

అమెరికాలో ప్రొఫెషనల్ సాకర్ టీమ్ పెట్టాలంటే స్టేడియం విషయంలో రెండు పరీక్షలు దాటాలి. మొదటిది యూఎస్ సాకర్ ఫెడరేషన్ రాసిపెట్టింది: ఫస్ట్ డివిజన్‌కు 15 వేలు, సెకండ్ డివిజన్‌కు 5 వేలు, థర్డ్ డివిజన్‌కు వెయ్యి సీట్లు. రెండోది లీగ్ యజమానులు పెట్టే పరీక్ష. అందులో సీట్ల సంఖ్యకన్నా స్టేడియంలో పుట్టే డబ్బు, మ్యాచ్ తేదీలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే ముఖ్యం. గెలిచిన టీమ్ పై డివిజన్‌కు వెళ్లడం (ప్రమోషన్), ఓడిన టీమ్ కిందికి దిగడం (రెలిగేషన్) లేని లీగ్‌లోకి ఎవరు రావాలో తేల్చేది ఎక్కువగా ఈ రెండో పరీక్షే.

ఫెడరేషన్ రూల్ బుక్‌లో ఏముంది

ఏ లీగ్‌ను ఏ డివిజన్‌గా గుర్తించాలో యూఎస్ సాకర్ ఫెడరేషన్ నిర్ణయిస్తుంది. అందుకోసం ‘ప్రొఫెషనల్ లీగ్ స్టాండర్డ్స్’ పేరుతో నిబంధనలు పెట్టింది. పురుషుల ఫస్ట్ డివిజన్‌లో ఆడే టీమ్‌కు కనీసం 15 వేల సీట్ల స్టేడియం ఉండాలి. చుట్టూ ఆవరణ ఉండాలి, అంటే టికెట్ లేకుండా ఎవరూ లోపలికి రాలేని చోటు కావాలి. పిచ్ కనీసం 110 గజాల పొడవు, 70 గజాల వెడల్పు ఉండాలి. సహజమైన గడ్డే కావాలని లేదు, ఫిఫా ఆమోదించిన కృత్రిమ టర్ఫ్ అయినా చెల్లుతుంది.

స్టేడియం ఒక్కటి ఉంటే సరిపోదు. ఫస్ట్ డివిజన్ లీగ్‌లో 75 శాతం టీమ్‌లు కనీసం 10 లక్షల జనాభా ఉన్న మెట్రో ప్రాంతాల్లో ఉండాలి. ప్రతి టీమ్‌కు ఒక ప్రధాన యజమాని ఉండాలి, ఆయన ఆస్తి కనీసం 4 కోట్ల డాలర్లు ఉండాలి, టీమ్‌లో 35 శాతం వాటా ఆయనదే కావాలి. సెకండ్ డివిజన్‌లో ఈ కొలతలు 5 వేల సీట్లకు, 7.5 లక్షల జనాభాకు, 2 కోట్ల డాలర్లకు తగ్గుతాయి. థర్డ్ డివిజన్‌లో వెయ్యి సీట్లు, కోటి డాలర్ల యజమాని ఉంటే చాలు.

ఈ కొలతల వెనక చరిత్ర ఉంది. పెలేను న్యూయార్క్ కాస్మోస్‌కు తెచ్చి ఒక వెలుగు వెలిగిన పాత నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 1984 సీజన్‌తో కూలిపోయింది. డబ్బు అయిపోయిన యజమానులు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. 1994 ప్రపంచకప్ ఆతిథ్యం కోసం ఫస్ట్ డివిజన్ లీగ్ పెడతామని ఫిఫాకు మాట ఇచ్చిన ఫెడరేషన్, అదే కథ మళ్లీ జరగకూడదనుకుంది. అందుకే ఈ రూల్స్‌లో ప్రేక్షకుల సౌకర్యం కన్నా టీమ్ ఐదారేళ్లు బతికి ఉంటుందా అన్న ఆలోచన ఎక్కువ కనిపిస్తుంది. ఆస్తి లెక్కా, జనాభా లెక్కా, సీట్ల లెక్కా మూడూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

అయితే రూల్ ఎంత కచ్చితంగా రాసి ఉన్నా ఫెడరేషన్ మినహాయింపు ఇవ్వొచ్చు. కింది డివిజన్లలో ఈ మినహాయింపులు మామూలే. వివాదాలకూ అదే మూలం. 2015లో ఫస్ట్ డివిజన్ జనాభా పరిమితిని 20 లక్షలకు పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు, పాత పేరుతోనే మళ్లీ పుట్టిన నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ అది తమకు అడ్డుకట్ట వేయడానికేనని ఆరోపించింది. ఆ పెంపు అమల్లోకి రాలేదు. 2017లో ఆ లీగ్‌కు సెకండ్ డివిజన్ గుర్తింపు ఇవ్వడానికి ఫెడరేషన్ నిరాకరించింది. లీగ్ కోర్టుకు వెళ్లింది. ఈ స్టాండర్డ్స్ అన్నీ ఎంఎల్‌ఎస్‌కు పోటీ లేకుండా చేసే గోడ అన్నది దాని వాదన. 2025 ఫిబ్రవరిలో జ్యూరీ ఫెడరేషన్, ఎంఎల్‌ఎస్‌ల వైపే తీర్పు చెప్పింది. అంటే ఇప్పటికి ఈ రూల్స్ చట్టం ముందు నిలబడ్డట్టే.

అద్దె స్టేడియం నేర్పిన పాఠం

రాయని రూల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1996కు వెళ్లాలి. ఆ ఏడాది పది టీమ్‌లతో ఎంఎల్‌ఎస్ మొదలైంది. ఒక్క టీమ్‌కూ సాకర్ కోసమే కట్టిన సొంత స్టేడియం లేదు. దాదాపు అందరూ అమెరికన్ ఫుట్‌బాల్ కోసమో, యూనివర్సిటీల కోసమో కట్టిన భారీ స్టేడియాల్లో అద్దెకు ఆడారు. ఆ పద్ధతిలో ఏం తేడా వచ్చిందంటే, మ్యాచ్ రోజు వచ్చే ఆదాయంలో టికెట్ డబ్బు తప్ప మిగతాది చాలావరకు స్టేడియం యజమానికి పోయేది. పార్కింగ్, తిండి, డ్రింక్స్, కార్పొరేట్ బాక్సులు, గోడల మీద ప్రకటనలు, స్టేడియం పేరు హక్కులు ఇవన్నీ అందులోకే వస్తాయి. వేసవి చివర్లో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదలైతే మంచి తేదీలన్నీ వాళ్లకే. సాకర్ మ్యాచ్‌లో కూడా పిచ్ మీద వాళ్ల గీతలు అలాగే ఉండేవి. టీవీలో చూసేవాళ్లకు ఏది ఏ గీతో అర్థం కాక చిరాకు.

దీనికన్నా లోతైన నష్టం ఇంకొకటి ఉంది. 60, 70 వేల సీట్ల స్టేడియానికి 15 వేల మంది వస్తే అది ఖాళీగానే కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్లినా సీటు దొరుకుతుందని తెలిసినప్పుడు సీజన్ టికెట్ ముందుగా కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ముందుగా చేతికొచ్చే ఆ డబ్బు లేకపోతే టీమ్ బడ్జెట్ వేసుకోవడమే కష్టం. వర్షం పడితే ఆదాయం పడిపోతుంది. 2001 సీజన్ తర్వాత లీగ్ మయామీ, టాంపా బే టీమ్‌లను మూసేసింది. ఆ కాలంలో మిగిలిన పది టీమ్‌లలో ఆరు ఒక్క ఫిలిప్ అన్షుట్జ్ సంస్థ చేతిలోనే ఉన్నాయంటే పరిస్థితి ఎంత బలహీనంగా ఉందో తెలుస్తుంది.

మలుపు కొలంబస్‌లో వచ్చింది. అక్కడ స్టేడియం కోసం పన్ను వేసే ప్రతిపాదనను 1997లో ఓటర్లు తిరస్కరించారు. దాంతో యజమాని లామర్ హంట్ సొంత డబ్బుతో, దాదాపు 2.85 కోట్ల డాలర్ల ఖర్చుతో 1999లో స్టేడియం కట్టించారు. ఎంఎల్‌ఎస్ టీమ్ కోసమే కట్టిన మొదటి సాకర్ స్టేడియం అదే. సీట్లు సుమారు 22 వేలు. చూడ్డానికి ఆడంబరం ఏమీ లేదు, లోహపు బెంచీలు, పైకప్పు లేదు. కానీ తేదీలు టీమ్‌వి, పార్కింగ్ డబ్బు టీమ్‌ది, స్టాండ్లు నిండినట్టు కనిపించేవి. 2003లో లాస్ ఏంజెలెస్ దగ్గర కార్సన్‌లో 27 వేల సీట్లతో కట్టిన స్టేడియం ఈ ఫార్ములా పెద్ద నగరంలోనూ పనిచేస్తుందని చూపించింది. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి కొత్త టీమ్‌ను లీగ్ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: స్టేడియం ప్లాన్ ఏది?

20 నుంచి 30 వేల మధ్యే ఎందుకు?

లీగ్ ఎక్కడా ఇన్ని సీట్లే ఉండాలని పట్టుబట్టదు. అయినా ఈ మధ్య వచ్చిన స్టేడియాలను వరసగా పెడితే అంకెలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మినసోటా 19,400, ఆస్టిన్ 20,738, లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ 22 వేలు, సెయింట్ లూయిస్ 22,500, సిన్సినాటి 26 వేలు, నాష్‌విల్ 30 వేలు.

టికెట్ల డిమాండ్ కన్నా కొంచెం తక్కువ సీట్లుంటేనే వ్యాపారం బాగుంటుంది. అలా ఉన్నప్పుడే సీజన్ టికెట్‌కు విలువ, వెయిటింగ్ లిస్ట్‌కు అర్థం ఉంటాయి. ఫెడరేషన్ కనీసం చెబుతుంది కానీ గరిష్ఠం చెప్పదు. లీగ్ లెక్కలో మాత్రం గరిష్ఠమూ ఉంది, రాసి లేదంతే. డెట్రాయిట్ చిక్కుకున్నది ఇక్కడే. ఆ బృందం మొదట నగరం నడిబొడ్డున కొత్త స్టేడియం అంది. తర్వాత 2017 నవంబరులో ప్లాన్ మార్చి ఫోర్డ్ ఫీల్డ్‌లో ఆడతామంది. ఆ స్టేడియం యజమానుల కుటుంబం కూడా భాగస్వామిగా చేరింది కాబట్టి ఆదాయం సమస్య కొంత తీరినట్టే. అయినా తెరుచుకోని పైకప్పు, కృత్రిమ టర్ఫ్, అవసరానికి మూడింతల సీట్లు మిగిలాయి. ఆ మరుసటి నెలలోనే నాష్‌విల్‌కు టీమ్ ఖరారైంది. అక్కడి మెట్రో కౌన్సిల్ అప్పటికే 27.5 కోట్ల డాలర్ల సాకర్ స్టేడియానికి ఆమోదం తెలిపి ఉంది.

సంవత్సరానికి లీగ్ దశలో సొంతగడ్డ మీద జరిగే మ్యాచ్‌లు 17 మాత్రమే. ఏడాదిలో మిగిలిన రోజులు స్టేడియం ఖాళీగా ఉంటే పెట్టుబడి తిరిగి రాదు. అందుకే కొత్త ప్లాన్లలో స్టేడియం ఒక్కటే ఉండదు. పక్కన హోటల్, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, రెస్టారెంట్లు ఉంటాయి. న్యూయార్క్‌లో విల్లెట్స్ పాయింట్ దగ్గర న్యూయార్క్ సిటీ ఎఫ్‌సీ మొదలుపెట్టిన 25 వేల సీట్ల స్టేడియం, 2,500 అందుబాటు ధర ఇళ్లు, 250 గదుల హోటల్ ఉన్న పెద్ద ప్రాజెక్టులో ఒక భాగం. నిజానికి చాలా చోట్ల సాకర్ టీమ్ అనేది రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుకు ముఖద్వారం. ఇలా అనడం కొందరు అభిమానులకు రుచించకపోవచ్చు.

ఊరి బయటి స్టేడియాలు

2000ల మధ్యలో లీగ్ దృష్టంతా సొంత స్టేడియం ఉందా లేదా అన్నదాని మీదే ఉండేది, అది ఎక్కడుందన్నది పెద్దగా పట్టించుకోలేదు. భూమి చవగ్గా దొరికే శివారు పట్టణాలు ముందుకొచ్చాయి. షికాగో ఫైర్ కోసం బ్రిడ్జ్‌వ్యూ అనే చిన్న పట్టణం బాండ్ల అప్పుతో 20 వేల సీట్ల స్టేడియం కట్టించింది. 2006లో అది తెరుచుకుంది. నగరం నడిబొడ్డు నుంచి రైలెక్కి నేరుగా వెళ్లే వీల్లేదు. షికాగోలో కారు లేని యువకులు, పని ముగించుకుని సాయంత్రం మ్యాచ్‌కు రావాలనుకున్నవాళ్లు అటు వెళ్లడం తగ్గించేశారు. చివరికి 2019లో టీమ్ 6.55 కోట్ల డాలర్లు కట్టి లీజు నుంచి బయటపడింది. మళ్లీ 61 వేల సీట్ల సోల్జర్ ఫీల్డ్‌లో అద్దెకు చేరింది. సొంత స్టేడియాన్ని వదిలి అద్దెకు పోవడం లీగ్ పాత సిద్ధాంతానికి పూర్తిగా తలకిందులు. 2025లో యజమాని జో మాన్సువేటో నగరం లోపలే 65 కోట్ల డాలర్ల సొంత ఖర్చుతో 22 వేల సీట్ల స్టేడియం కడతామని ప్రకటించారు.

పట్టణానికి మాత్రం అప్పు మిగిలింది. పన్నులు కట్టేవాళ్ల మీద భారం మిగిలింది.

ఈ అనుభవం తర్వాత వచ్చిన సెయింట్ లూయిస్, సిన్సినాటి, ఆస్టిన్, కొలంబస్ కొత్త స్టేడియాలన్నీ నగరాల్లోపలే ఉన్నాయి. కొలంబస్‌ది మరీ వింత కథ. లీగ్‌కు దారి చూపిన 1999 స్టేడియం పాతబడిందని, చోటు సరిగ్గా లేదని చెప్పి 2017లో అప్పటి యజమాని టీమ్‌ను ఆస్టిన్‌కు తరలించే ఆలోచన బయటపెట్టారు. అభిమానుల ఉద్యమం, ఒహాయో రాష్ట్రంలో టీమ్‌ల తరలింపును నియంత్రించే చట్టం కలిసి దాన్ని ఆపాయి. కొత్త యజమానులు వచ్చాక 2021లో నగరం మధ్యలో కొత్త స్టేడియం తెరుచుకుంది. ఇరవై రెండేళ్లలో ఒక తరం స్టేడియం పనికిరాకుండా పోయిందన్నమాట.

మినహాయింపుల్లో ఉమ్మడి విషయం

మరి అట్లాంటా? అక్కడ 2017 నుంచి టీమ్ 70 వేల సీట్లున్న మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో ఆడుతోంది. 2018 ఫైనల్‌కు 73,019 మంది వచ్చారు. షార్లెట్ 2022లో మొదటి సొంతగడ్డ మ్యాచ్‌ను 74 వేలకు పైగా జనం ముందు ఆడింది. రెండూ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియాలే, రెండింట్లోనూ కృత్రిమ టర్ఫే.

ఇక్కడ అద్దె సమస్య లేదు. అట్లాంటాలో సాకర్, అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు రెండింటికీ యజమాని ఆర్థర్ బ్లాంక్. షార్లెట్‌లో రెండింటికీ డేవిడ్ టెప్పర్. న్యూ ఇంగ్లండ్‌లో మొదటి నుంచీ క్రాఫ్ట్ కుటుంబం. ఒకే యజమాని అయినప్పుడు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి డబ్బు మారుతుంది తప్ప బయటికి పోదు. అట్లాంటాలో స్టేడియాన్ని డిజైన్ చేసేటప్పుడే పై అంతస్తును తెరలతో మూసి, సుమారు 42 వేల సీట్లతో సాకర్ ఆడేలా ఏర్పాటు చేశారు.

న్యూయార్క్ సిటీ ఎఫ్‌సీ 2015లో బేస్‌బాల్ యాంకీ స్టేడియంలో మొదలైంది. అక్కడ పిచ్ 110 గజాలు, 70 గజాలు. ఫెడరేషన్ చెప్పిన కనీస కొలతకు ఒక్క అంగుళం ఎక్కువ కాదు. అభిమానులు దాన్ని ఎగతాళి చేస్తూనే ఉన్నారు. కానీ ఆ టీమ్‌లో బేస్‌బాల్ టీమ్ యాంకీస్‌కు వాటా ఉంది, కొత్త స్టేడియం వస్తుందన్న హామీ ఉంది. అతిపెద్ద మార్కెట్ కోసం లీగ్ తాత్కాలికం అనుకుని ఒప్పుకుంది. ఆ తాత్కాలికం పదేళ్లు దాటింది. కొత్త స్టేడియం 2027లో తెరవాలన్నది ప్లాన్.

శాన్ డియేగో కేసు అన్నిటికన్నా ఆసక్తికరం. అక్కడ సాకర్ స్టేడియం కట్టే ప్రతిపాదన 2018 నవంబరు ఓటింగ్‌లో ఓడిపోయింది. అదే స్థలాన్ని యూనివర్సిటీకి ఇచ్చే ప్రతిపాదన గెలిచింది. యూనివర్సిటీ 35 వేల సీట్లతో, సహజమైన గడ్డితో స్నాప్‌డ్రాగన్ స్టేడియం కట్టి 2022లో తెరిచింది. సైజు సరిపోయింది, గడ్డి బాగుంది, స్థలం నగరంలోనే ఉంది. 2023లో టీమ్ ప్రకటించినప్పుడు లీగ్‌లో చేరడానికి యజమానులు చెల్లించిన ఎక్స్‌పాన్షన్ ఫీజు 50 కోట్ల డాలర్లు. స్టేడియం కట్టే ఖర్చు లేనప్పుడు ఫీజుకు అంత పెట్టగలగడం సహజం. స్టేడియం మినహాయింపునూ ఫీజునూ విడివిడిగా చూస్తే ఈ లెక్క అర్థం కాదు.

ఫీజు పెరిగిన తీరు కూడా గమనించాలి. 2007లో టొరంటో కట్టింది కోటి డాలర్లు. న్యూయార్క్ సిటీ 10 కోట్లు, నాష్‌విల్, సిన్సినాటి 15 కోట్లు, షార్లెట్ 32.5 కోట్లు. లీగ్‌లో కొత్త యజమాని కొనేది నిజానికి లీగ్ మొత్తంలో ఒక వాటా. పాత యజమానులు తమ వాటాను పలచన చేసుకుంటున్నారు. అలాంటప్పుడు లోపలికి వచ్చేవాడు అద్దె కట్టలేక మూడేళ్లలో చేతులెత్తేస్తే ఆ నష్టం అందరిదీ. స్టేడియం మీద అంత పట్టుదలకు అసలు కారణం ఇదే.

నగర పాలక సంస్థల దగ్గర ఆగిపోయే చోటు

కాగితం మీద ప్లాన్ గీయడం తేలికే. భూమి, అనుమతులు, ప్రజాధనం అనే మూడు విషయాల దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. సెయింట్ లూయిస్‌లో 2017 ఏప్రిల్‌లో 6 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే ప్రతిపాదనను ఓటర్లు తోసిపుచ్చారు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. తర్వాత టేలర్ కుటుంబం ఎక్కువగా సొంత డబ్బుతో ముందుకొచ్చింది, 2019లో టీమ్ వచ్చింది, 2023లో ఆట మొదలైంది.

మయామీకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. డేవిడ్ బెకమ్ ఎంఎల్‌ఎస్‌లో ఆడేందుకు చేసుకున్న ఒప్పందంలోనే 2.5 కోట్ల డాలర్లకు టీమ్ కొనే అవకాశం రాయించుకున్నారు. 2014లో టీమ్ ప్రకటన చేశారు. ఓడరేవు దగ్గర స్థలం, నీటి ఒడ్డున స్థలం, బేస్‌బాల్ స్టేడియం పక్కన స్థలం ఒకటొకటిగా చేజారాయి. చివరికి గోల్ఫ్ కోర్స్ స్థలానికి 2018లో ఓటర్లు ఒప్పుకున్నారు. లీజుకు నగర కమిషన్ ఆమోదం 2022లో దొరికింది. ఈలోగా టీమ్ 2020లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మరో స్టేడియం కట్టుకుని ఆట మొదలుపెట్టింది.

శాక్రమెంటోలో ప్రజల మద్దతు ఉంది, రైల్‌యార్డ్స్‌లో స్థలం ఉంది. కానీ 2021 ఫిబ్రవరిలో ప్రధాన పెట్టుబడిదారు రాన్ బర్కిల్ తప్పుకున్నారు. ఆయన స్థాయి యజమాని మరొకరు దొరకలేదు. స్టేడియం ప్లాన్ ఎంత బాగున్నా దాని వెనక డబ్బు పెట్టే మనిషి లేకపోతే అది బొమ్మగానే మిగిలిపోతుంది. ఇప్పుడు ఆ టీమ్ సెకండ్ డివిజన్‌లోనే ఉంటూ, విల్టన్ రాంచేరియా అనే అమెరికన్ ఆదివాసీ తెగ మెజారిటీ యాజమాన్యంలో, అదే స్థలంలో 12 వేల సీట్ల స్టేడియానికి దిగింది. తర్వాత పెంచుకునే వీలుండేలా డిజైన్ చేశారు.

ప్రజాధనం గురించి ఆర్థికవేత్తల మాట చాలాకాలంగా దాదాపు ఒకటే. స్టేడియాలకు ఇచ్చే సబ్సిడీ స్థానిక ఆదాయం రూపంలో తిరిగి రావడం అరుదు. అక్కడ ఖర్చయ్యే డబ్బులో ఎక్కువభాగం అదే నగరంలో ఇంకోచోట ఖర్చయ్యేదే. ఇటీవల టీమ్‌లు నిర్మాణ ఖర్చు తామే పెట్టుకుంటామనడం పెరిగింది. అలాంటి చోట్ల కూడా ప్రభుత్వ భూమి, పన్ను మినహాయింపు, రోడ్లు, మురుగునీటి లైన్ల రూపంలో ప్రజల వాటా ఉంటుంది. ‘పూర్తిగా ప్రైవేటు ఖర్చు’ అన్నప్పుడు ఇవి లెక్కలో ఉన్నాయా అన్నది చూడాలి.

ఇంగ్లండ్, జర్మనీలలో దారి వేరు

ఐరోపాలో టీమ్ ముందు మైదానంలో గెలుస్తుంది, స్టేడియం దాని వెనక పరుగెడుతుంది. 2023లో లూటన్ టౌన్ ప్రీమియర్ లీగ్‌కు ప్రమోట్ అయినప్పుడు దాని కెనిల్‌వర్త్ రోడ్ స్టేడియంలో 12 వేల సీట్లు కూడా లేవు. అమెరికా ఫెడరేషన్ కొలతలో అది ఫస్ట్ డివిజన్‌కు పనికిరాదు. అక్కడ మాత్రం ప్రసార సదుపాయాలు, లైట్లు, ఒక స్టాండ్ బాగుచేయించి, పనులు పూర్తికాక మొదటి సొంతగడ్డ మ్యాచ్ ఒకటి వాయిదా వేసి, ఆట నడిపించారు.

అలాగని అక్కడ స్టేడియం అడ్డుపడదని కాదు. 1994, 1995, 1996లో వరసగా మూడేళ్లు కిడర్‌మిన్‌స్టర్, మాకిల్స్‌ఫీల్డ్, స్టీవెనేజ్ కింది లీగ్‌లో చాంపియన్లుగా నిలిచినా స్టేడియం సరిగా లేదన్న కారణంతో పైకి వెళ్లలేకపోయాయి. 1996లో పై లీగ్‌లో అట్టడుగున నిలిచిన టార్కీ యునైటెడ్ ఆ పుణ్యాన బతికిపోయింది. జర్మనీ ఇంకా కఠినం. అక్కడ పై రెండు డివిజన్లకూ 15 వేల మంది పట్టే స్టేడియం, గడ్డి గడ్డకట్టకుండా నేల కింద హీటింగ్ కావాలి. 13 వేల జనాభా ఉన్న ఊరి టీమ్ ఎల్వర్స్‌బర్గ్ 2023లో సెకండ్ డివిజన్‌కు వచ్చాక ఊరి జనాభాను మించిన స్టేడియం కట్టుకునే పనిలో పడింది.

జర్మనీలో ఉన్నదీ 15 వేలే, అమెరికాలో ఉన్నదీ 15 వేలే. కానీ జర్మనీలో రూల్ తెలిసి ఉంటుంది, గెలిచిన టీమ్‌కు గడువు దొరుకుతుంది. అమెరికాలో అంకె దాటినా లోపలికి వస్తారన్న గ్యారంటీ లేదు, ఎందుకంటే అది యజమానుల ఓటు.

యూఎస్‌ఎల్ ముందున్న చిక్కు

2025 మార్చిలో యూఎస్‌ఎల్ యజమానులు ప్రమోషన్, రెలిగేషన్‌కు అనుకూలంగా ఓటేశారు. 2027-28లో ఫస్ట్ డివిజన్ మొదలుపెట్టి, దాని కింద మిగతా డివిజన్లను కలపాలన్నది ఆలోచన. ఇక్కడే 15 వేల రూల్ నేరుగా అడ్డొస్తుంది. యూఎస్‌ఎల్ టీమ్‌లకు ఉన్న మంచి స్టేడియాలను చూస్తే, లూయివిల్‌లో లిన్ ఫ్యామిలీ స్టేడియం నిలబడే చోటుతో కలిపి 15 వేలు దాటుతుంది కానీ సీట్లు 11,700. రోడ్ ఐలండ్ టీమ్ 2025లో తెరిచిన స్టేడియం 10,500. కొలరాడో స్ప్రింగ్స్ 8 వేలు. పిట్స్‌బర్గ్, స్పొకేన్ 5 వేల చుట్టుపక్కల. చాలావరకు సాకర్ కోసం కట్టినవే, నగరాల్లోపలే ఉన్నాయి. ఎంఎల్‌ఎస్ ఇరవై ఏళ్లు తంటాలు పడి నేర్చుకున్న పాఠాన్ని ఇవి చిన్న సైజులో ముందే పాటించాయి. కానీ అంకె అందదు.

దీనికి మూడు దారులున్నాయి. ఫెడరేషన్ మినహాయింపులు ఇవ్వొచ్చు, రూలే మార్చొచ్చు, లేదా టీమ్‌లు మళ్లీ పెద్ద స్టేడియాల్లో అద్దెకు చేరొచ్చు. మూడోది జరిగితే 1996 నాటి సమస్యలన్నీ తిరిగొస్తాయి. 11 వేల సీట్లతో నిండిపోయే సొంత స్టేడియాన్ని వదిలి 15 వేల అంకె కోసం సగం ఖాళీగా ఉండే చోటుకు వెళ్లడంలో వ్యాపార బుద్ధి కనిపించదు. సీట్ల సంఖ్యను ఆర్థిక స్థిరత్వానికి కొలమానంగా వాడటంలో ఉన్న లోపం ఇక్కడ బయటపడుతుంది.

ప్రమోషన్‌తో ఇంకో ముడి ఉంది. 5 వేల సీట్ల టీమ్ సెకండ్ డివిజన్ గెలిస్తే మూడింతల స్టేడియం ఎప్పటికి కడుతుంది? కట్టాక మరుసటి ఏడాదే కిందికి పడిపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? ఇలాంటి రిస్క్‌కు ఏ బ్యాంకూ సులభంగా అప్పివ్వదు. టీమ్ ఎప్పటికీ ఫస్ట్ డివిజన్‌లోనే ఉంటుందన్న నమ్మకం మీదే ఎంఎల్‌ఎస్ స్టేడియాలకు డబ్బు పుట్టింది. అందుకే విస్తరించుకునే వీలున్న డిజైన్‌కు డిమాండ్ పెరగొచ్చు. శాక్రమెంటో ప్లాన్ ఆ బాటలోనే ఉంది.

మహిళల లీగ్, మారుతున్న క్యాలెండర్

మహిళల ఫస్ట్ డివిజన్‌కు ఫెడరేషన్ కనీసం 5 వేల సీట్లే అడుగుతుంది. అయినా అక్కడా రాయని రూల్ పెరుగుతోంది. 2024లో కాన్సస్ సిటీ కరెంట్ మహిళల ప్రొఫెషనల్ టీమ్ కోసమే కట్టిన 11,500 సీట్ల స్టేడియంలో అడుగుపెట్టింది. దాంతో కొత్తగా టీమ్ అడిగేవాళ్లకు పోలిక మారిపోయింది. 11 కోట్ల డాలర్ల ఫీజుతో వచ్చిన డెన్వర్ బృందం సొంత స్టేడియం ప్లాన్‌తోనే ముందుకొచ్చింది. పురుషుల లీగ్‌లో ఇరవై ఏళ్లు పట్టిన మార్పు ఇక్కడ మూడు నాలుగేళ్లలో జరుగుతోంది.

ఎంఎల్‌ఎస్‌లో ఇప్పుడు 30 టీమ్‌లున్నాయి. 2027 వేసవి నుంచి సీజన్‌ను ఐరోపా తరహాలో వేసవిలో మొదలుపెట్టి మరుసటి వసంతంలో ముగించాలని లీగ్ 2025 నవంబరులో నిర్ణయించింది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటివరకు విరామం ఉన్నా, మినసోటా, టొరంటో, మాంట్రియల్ లాంటి చలి నగరాల్లో విరామానికి అటూ ఇటూ మ్యాచ్‌లు తప్పవు. పైకప్పు, నేల కింద హీటింగ్, మంచు తొలగించే ఏర్పాటు ఇప్పటిదాకా అదనపు హంగులు. ఇకపై ఉత్తరాది నగరం ఏదైనా టీమ్ అడిగితే లీగ్ ముందుగా చూసే కాగితాల్లో అవీ ఉంటాయి. ఆ ఖర్చు సీట్ల సంఖ్యలో కనిపించదు, కానీ బిల్లులో కనిపిస్తుంది.